రత్నమూ, పురుగూ

పదకొండవ శతాబ్దంలో కాశ్మీరదేశపు మమ్మటాచార్యుడు కావ్యలక్షణం చెబుతూ, దోషాలు లేని శబ్దార్థాలే కావ్యమని నిర్ణయించాడు. పధ్నాలుగవ శతాబ్దంలో కళింగదేశానికి చెందిన విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో ఈ లక్షణాన్ని గట్టిగా ఆక్షేపించాడు. దోషం బొత్తిగా లేనిదే కావ్యమనే పక్షంలో లోకంలో కావ్యం దొరకడమే దుర్లభమవుతుందనీ, పురుగు తొలిచినంత మాత్రాన రత్నం రత్నం కాకుండా పోదనీ, దాని వెల తగ్గితే తగ్గవచ్చునుగాని దాని జాతి మారదనీ ఆయన వాదం. తరువాతి పండితులలో అనేకులకు ఈ వాదం నచ్చింది. అయితే వారి దృష్టిలో ఉన్న దోషాలు వేరు. శ్రుతికటువు, పునరుక్తి, గ్రామ్యం, అశ్లీలం మొదలైనవన్నీ పద్యంలోనే కనబడే లోపాలు. పద్యం చక్కగానే ఉండి, దాన్ని చెప్పినవాడి నడతలోనో, అతడు చెల్లించని అప్పులోనో పురుగు ఉన్నప్పుడు పాఠకుడు ఏమి చేయాలన్న ప్రశ్న వారికి అంతగా ఎదురుకాలేదు. కవుల జీవితాలు వారికి తెలియవు. తెలిసిన నాలుగు కథలలోనూ కల్పన పాలే ఎక్కువ.

ఇరవయ్యవ శతాబ్దపు శ్రోతకు ఆ సౌకర్యం లేకుండా పోయింది. అతడు ఒక పాటను ప్రేమించే సరికే, ఆ పాటను ఏ దినాన, ఏ గదిలో, ఎవరెవరు కూడి చేశారో, చేసినవారు ఇంట్లో ఎట్లా మెలిగారో, ఎవరి సొత్తును అడగకుండా తీసుకొన్నారో చెప్పే గ్రంథాలు అతని బల్లమీద సిద్ధంగా ఉంటాయి. ఈ చిక్కు మిక్కిలి స్పష్టంగా కనబడే చోటు, బీటిల్స్ అనే ఆంగ్లదేశపు గాయకబృందం మిగిల్చిపోయిన పాటల మొత్తం. భారతీయ శ్రోతకు అది మరింత చిక్కు. ఆ పాటలలో అతని దేశానికి కూడా పాత్ర ఉన్నది.

లివర్‌పూల్ రేవుపట్టణంలో పెరిగిన జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్ అనే నలుగురు 1962 అక్టోబరులో తమ మొదటి రికార్డును వెలువరించారు. 1970 నాటికి విడిపోయారు. ఆ ఎనిమిదేళ్ళలో రెండువందలకు పైగా పాటలు రికార్డు చేశారు. మొదటి లాంగ్‌ప్లే రికార్డులోని పధ్నాలుగు పాటలలో పదింటిని 1963 ఫిబ్రవరి 11న ఒక్కరోజులో పాడి ముగించారు. ఆనాడు లెననుకు జలుబు చేసి ఉన్నది. అందుచేత గొంతు చించుకొని పాడవలసిన పాటను చిట్టచివరకు ఉంచారు. మూడేళ్ళు తిరిగేసరికి ఆ బృందమే, గిటార్లనూ డ్రమ్ములనూ పక్కన పెట్టి, ఎనిమిది తీగవాద్యాల తోడుతో, చర్చిలో దిక్కులేక మరణించిన ఒక స్త్రీ కథను రెండు నిమిషాలలో చెప్పింది. అది 'ఎలనార్ రిగ్బీ'. అదే రికార్డు చివరి పాట తంబురా శ్రుతిమీద కదలకుండా నిలిచిపోతుంది. నాట్యశాలలలో హోరెత్తించిన కుర్రవాళ్ళు అంత త్వరలో అంత దూరం నడవడం గమనించినవారికి ఆ పాటలమీద కలిగే ప్రేమ చెవితో ఆగదు; మనిషి ఎదగగలడన్న నమ్మకం దానికి తోడవుతుంది. కలకత్తా శివారులోని డమ్‌డమ్ కర్మాగారంలో తయారైన ఆ రికార్డులను పాకెట్ ఖర్చులు మిగుల్చుకొని కొన్న తరం ఈ దేశంలోనూ ఉన్నది. ఆ ప్రేమను లేదని బొంకి మొదలుపెట్టే విచారణ ఎందుకూ కొరగాదు.

ఇన్ని పాటలలో కొన్ని నాసిరకంగా ఉండడం సహజం. వేళాకోళానికి కట్టినవి, గడువుకు అందించడంకోసం ముగించినవి ఉన్నాయి. వాటిని గురించి బాధపడవలసిన పని లేదు. బాధ కలిగించేవి బాగా కుదిరిన పాటలే.

1965 డిసెంబరులో వెలువడిన 'రబ్బర్ సోల్' రికార్డు రెండవ వైపున లెనన్ మాటలు రాసిన రెండు పాటలు కొద్ది నిమిషాల ఎడంతో వినబడతాయి. ఒకటి 'ఇన్ మై లైఫ్': చిన్ననాటి చోట్లను, పోయిన స్నేహితులను తలచుకొని, ఆ జ్ఞాపకాలన్నిటికంటె ఎదుట ఉన్న ప్రేమను మిన్నగా నిలిపే పాట. ఇరవై అయిదేళ్ళవాడు రాసినదంటే నమ్మశక్యం కాదు. వైపు చివరిది 'రన్ ఫర్ యువర్ లైఫ్': తనదనుకొన్న ఆడపిల్ల మరొకడితో కనబడితే ప్రాణం తీస్తానని ఒక మగవాడు హుషారుగా బెదిరించే పాట. దాని మొదటి పంక్తి ఎల్విస్ ప్రెస్లీ పాడిన ఒక పాటనుండి ఎత్తుకొన్నది కూడాను. తరువాతి కాలంలో లెనన్ ఆ పాట తనకు బొత్తిగా నచ్చదని చెప్పుకొన్నాడు. 1967 నాటి 'గెటింగ్ బెటర్' పాటలో స్త్రీని కొట్టిన మగవాడి ఒప్పుకోలు వస్తుంది. అది తన గురించేననీ, తాను ఆడవారిమీద చేయి చేసుకొన్నవాడేననీ 1980లో, హత్యకు గురికావడానికి కొద్ది నెలల ముందు, ఒక సంభాషణలో అతడే అంగీకరించాడు.

పశ్చాత్తాపం భారతీయ సంప్రదాయానికి కొత్తది కాదు. వాల్మీకి పూర్వం దారులు కాచి దోచుకొన్న బోయవాడని చెప్పే కథ ప్రతి పల్లెలోనూ ఉన్నది. కాని ఆ కథలో ఒక వెసులుబాటున్నది: దోపిడిగాడు పాటలు కట్టలేదు. పుట్టలోకి పోయినవాడు ఒకడు, పుట్టలోనుండి వచ్చినవాడు మరొకడు, రామాయణం రెండవవాడిది. రబ్బర్ సోల్‌లో ఇద్దరూ ఒకే వైపున, ఒకే గాడిలో ఉన్నారు. ముల్లు ఒకరి దగ్గరనుండి మరొకరి దగ్గరకు దానంతటదే జరిగిపోతుంది. మనిషి మారుతాడు, సిగ్గుపడతాడు, ఒకనాటికి లేకుండా పోతాడు. రికార్డు మాత్రం ఆనాటి హుషారుతోనే తిరుగుతూ ఉంటుంది.

పోనీ, రాసినవాడికైనా దాన్ని వెనక్కు తీసుకొనే అధికారం ఉన్నదా అంటే, అదీ లేదు. లెనన్, మెకార్ట్నీల పాటల హక్కులు చూడడానికి 1963లో పెట్టిన నార్తర్న్ సాంగ్స్ కంపెనీ 1969లో ఎ.టి.వి. సంస్థ చేతిలోకి పోయింది. 1985లో అమెరికన్ గాయకుడు మైకేల్ జాక్సన్ ఆ భాండారాన్ని 4 కోట్ల 75 లక్షల డాలర్లకు కొన్నాడు. 1987లో 'రెవల్యూషన్' అనే పాటను బూట్ల ప్రకటనకు వాడుకొన్నారు. ఇట్లా పోగుపడిన పాటల మొత్తాన్ని వ్యాపారులు కాటలాగు అంటారు. వారి లెక్కలో మంచిదీ చెడ్డదీ కలిసి ఒక్క ధరకు చేతులు మారుతుంది. శ్రోతకు అట్లా టోకున పుచ్చుకొనే వీలు లేదు. ఒక్కొక్క పాటనూ విడిగా విని, విడిగా జవాబు చెప్పుకోవలసినవాడు అతడే.

ఇక భారతదేశపు సంగతి. ఆ రబ్బర్ సోల్‌లోనే 'నార్వేజియన్ వుడ్' అనే పాటలో హారిసన్ సితారు మీటాడు. ఆ వాద్యాన్ని అతడు దగ్గరగా చూచినది ఆ సంవత్సరమే, ఒక హాస్యచిత్రం షూటింగులో, భోజనశాల దృశ్యంకోసం కూర్చోబెట్టిన భారతీయ వాద్యకారుల దగ్గర. లండను దుకాణంలో ఒక మామూలు సితారు కొని, సరిగా కూర్చోవడమైనా నేర్వకముందే వాయించాడు. ఇంతవరకే జరిగి ఉంటే దానిని పడుచువాని కొత్తమోజు అని తోసిపుచ్చవచ్చును. కాని అతడు 1966లో పండిత రవిశంకర్‌ను ఆశ్రయించి, ఆ సెప్టెంబరులో బొంబాయికి వచ్చి, శిష్యుడై కూర్చొని సరళులు అభ్యసించాడు. ఈ విద్య తనకు ఈ జన్మలో పూర్తిగా పట్టుబడదని కొన్నేళ్ళకు తానే గ్రహించి వాద్యం దించాడు. గురువును మాత్రం చివరివరకు విడువలేదు. ఎత్తుకొనిపోయేవాడి లక్షణం ఇది కాదు.

1966 నాటి 'రివాల్వర్' రికార్డు అట్టమీద, 'లవ్ యూ టూ' పాటకు తబలా వాయించిన అనిల్ భగవత్ పేరు అచ్చయింది. మరుసటి సంవత్సరం వెలువడిన 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్' అనే సుప్రసిద్ధమైన రికార్డులో 'విదిన్ యూ వితౌట్ యూ' ఉన్నది. ఆ పాటలో బృందంలోని మిగిలిన ముగ్గురూ లేరు. హారిసన్‌తో కూర్చొని దిల్‌రుబా, తబలా, తంబురా వాయించినవారు లండనులో నివసిస్తున్న భారతీయులు. కన్నడదేశంనుండి వెళ్ళి అక్కడ స్థిరపడిన అయన అంగడి, ఆంగ్లేయురాలైన తన భార్యతో కలిసి నడిపిన ఏషియన్ మ్యూజిక్ సర్కిల్ ద్వారా వారిని పిలిపించారు. ఆ రికార్డు అట్టమీద పాటల మాటలన్నీ పూర్తిగా అచ్చువేశారు; అప్పటికి అది కొత్త మర్యాద. కాని ఈ వాద్యకారుల పేర్లకు అక్కడ చోటు దొరకలేదు. వారెవరో తెలియకుండానే దశాబ్దాలపాటు లోకం ఆ పాటను విన్నది.

న్యాయంకోసం ఒక మాట చేర్చవలసి ఉన్నది. అదే రికార్డులో వాయించిన లండను వయొలిన్ విద్వాంసుల పేర్లు కూడా అట్టమీద లేవు. కాబట్టి అది జాతిని చూచి చేసిన అవమానం కాకపోవచ్చు. కూలి ముట్టిన తరువాత పేరెందుకనే వృత్తి అలవాటే కావచ్చు. అయినా రెండు సందర్భాలూ సమానం కావు. వయొలిన్ వాయించినవాడు ఆ పాటకు సహాయకుడు. దిల్‌రుబా వాయించినవాడు లేకపోతే ఆ పాటే లేదు. ముందు అట్టమీది చిత్రంలో యోగానందుల ముఖం, ఆయన గురుపరంపర ముఖాలు కనబడతాయి. గాంధీజీ బొమ్మకూడా మొదట పెట్టారు. భారతదేశంలో ఆక్షేపణ వస్తుందేమోనని రికార్డు కంపెనీ అధిపతి దాన్ని తీయించివేశాడు. అది గౌరవంచేత జరిగిందా, ఈ దేశంలో అమ్మకం పోతుందన్న భయంచేత జరిగిందా అంటే, రెండూ కలిసి జరిగిందనే చెప్పాలి. బొమ్మగా ఉన్న మహాత్ముల విషయంలో ఇంత జాగ్రత్త, ఎదుట కూర్చొని వాయించినవారి విషయంలో ఆ పాటి లేకపోవడమే శ్రోతను గుచ్చే సంగతి.

రవిశంకర్ ఈ ద్వైధీభావాన్ని అందరికంటె ముందు అనుభవించారు. నార్వేజియన్ వుడ్‌లోని సితారు ధ్వని ఆయనకు రుచించలేదు. హారిసన్ స్నేహంవల్ల ఆయన కచేరీలకు పడమటి దేశాల యువజనం విరగబడి వచ్చింది. అదే జనం పొగ పీలుస్తూ, మత్తులో తూలుతూ వినడం ఆయనకు మనస్తాపం కలిగించింది. స్వదేశంలో మాత్రం సంగీతాన్ని అమ్ముకొన్నాడన్న నింద వచ్చింది. ఆయన శిష్యుణ్ణి తిట్టి ఒప్పించుకోలేదు, శ్రోతలను మెచ్చి మౌనంగా ఊరుకోలేదు. మత్తు మానితేనే వినిపిస్తానని వేదికమీదనే చెప్పేవారు.

ఇక్కడ మరొక కథ దాటవేస్తే ధర్మం కాదు. హారిసన్ సితారు పట్టిన 1965లోనే బొంబాయిలో 'జాన్వర్' అనే హిందీ చిత్రం విడుదలైంది. అందులో షమ్మీ కపూర్ చిందులు వేసే 'దేఖో అబ్ తో' పాట బాణీ, బీటిల్స్ 1963లో వెలువరించిన 'ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్'. సంగీత దర్శకులు శంకర్–జైకిషన్‌లు. వారిలో శంకర్ పడుచుతనం కొంత హైదరాబాదులో గడిచినదని మనవారికి ఒక ముచ్చట. ఆ పాట వారి పాటగానే ఊరూరా చెలామణి అయింది. దానికి లివర్‌పూల్‌లో జన్మస్థానం ఉన్నదని రేడియో ముందు కూర్చొని తల ఊపినవారిలో ఎందరికి తెలుసు? లండనులో దిల్‌రుబా వాద్యకారునికి జరిగిన లోపాన్ని తలచుకొని కోపగించే భారతీయుడు ఈ పాట వినబడినప్పుడు కొంచెం తగ్గి మాట్లాడవలసి వస్తుంది. అట్లాగని ఒక లోపం మరొక లోపానికి చెల్లు కాదు. బలవంతుడు తీసుకొనడానికీ బలహీనుడు తీసుకొనడానికీ భేదమున్నదని వాదించేవారున్నారు; భేదం ఉన్నమాట నిజమే, పేరు చెప్పకపోవడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

1968 ఫిబ్రవరిలో నలుగురూ హృషీకేశంలో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి ధ్యానం నేర్చుకొనడానికి వచ్చారు. ఇక్కడి తిండి పడక, వెంట తెచ్చుకొన్న డబ్బా చిక్కుడుగింజలతో కాలం గడిపిన రింగో పది రోజులకే తిరుగుముఖం పట్టాడు. మెకార్ట్నీ మార్చిలో వెళ్ళిపోయాడు. లెనన్, హారిసన్‌లు ఏప్రిల్‌లో, మహర్షి నడతమీద పుట్టిన ఒక నిందను నమ్మి వెళ్ళిపోయారు. ఆ నింద ఎన్నడూ రుజువు కాలేదు. లెనన్ ఆ కోపంలోనే మహర్షి పేరు పెట్టి పాట కట్టగా, హారిసన్ పట్టుబట్టి పేరు మార్పించాడు. అది 'సెక్సీ సేడీ' అయింది. విచారణ లేకుండా వేసిన ఆ శిక్ష ఎంత ఇంపైన బాణీలో ఉన్నదో వింటే ఆశ్చర్యం కలుగుతుంది. ఆ సంవత్సరం నవంబరులో వచ్చిన జంట రికార్డులోని పాటలలో చాలా భాగం ఆ గంగ ఒడ్డున, ఆ ఆతిథ్యంలో పుట్టినవే. పాడుబడిన ఆ కుటీరాలు ఈనాడు రాజాజీ పులుల అభయారణ్యంలో చేరి ఉన్నాయి. 2015 నుండి యాత్రికులను లోపలికి పోనిస్తున్నారు. వచ్చేవారిలో ఎక్కువమంది వెతికేది గురువు ధ్యానస్థానాన్ని కాదు, శిష్యులు పాటలు రాసిన గదులను.

వీటన్నిటికంటె కష్టమైన సంగతి, అట్టమీదికి ఎక్కని ఒక పాటది. 1968 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటు, కెన్యానుండి తరలివస్తున్న భారతీయ సంతతివారి రాకను కట్టడి చేసే చట్టాన్ని హడావుడిగా ఆమోదించింది. ఏప్రిల్ 20న బర్మింగ్‌హాములో ఎనోక్ పవెల్ అనే పార్లమెంటు సభ్యుడు వలసవచ్చినవారికి వ్యతిరేకంగా పేరుమోసిన ఉపన్యాసం చేశాడు. 1969 జనవరిలో బీటిల్స్ ఒక కొత్త పాట కడుతూ, పాకిస్తానీలు ఉద్యోగాలు కాజేస్తున్నారని వీధులలో వినబడే మాటను అనుకరిస్తూ కొన్ని చరణాలు అల్లారు. వారి వెక్కిరింత పవెల్ మీదనే. ఆనాటి చిత్రీకరణతో 2021లో కూర్చిన చలనచిత్రం చూచినవారికి ఆ విషయంలో సందేహం కలగదు. అమెరికా దక్షిణ రాష్ట్రంలో నల్లవారిని వేరుగా కూర్చోబెడితే పాడమని 1964లో పట్టుపట్టినవారు వీరే. ఎందుచేతనో ఆ చరణాలు తగవని వారికే తోచింది, తీసివేశారు. ఏప్రిల్‌లో వచ్చిన 'గెట్ బ్యాక్' పాటలో తిరిగిపొమ్మనే పిలుపు మిగిలింది. ఎవరిని ఉద్దేశించి ఆ పిలుపు మొదలైందో వారు పాటలోనుండి అదృశ్యమయ్యారు.

ఆ మరుసటి ఏడే లండను తూర్పువీధులలో పాకిస్తానీలని పేరుపెట్టి మనుషులను కొట్టడం ఒక వినోదంగా సాగింది. పాటకూ దెబ్బకూ సంబంధం కట్టడం అన్యాయమవుతుంది. ఆ చరణాలు అప్పటికి ఎవరూ వినలేదు. కాని ఆ మాటను పరిహాసంగా వినగలగడానికి ఇంటికి క్షేమంగా చేరతానన్న ధీమా కావాలి. పరిహాసం ఆ బృందానికి ఊపిరి. 1969 నవంబరులో లెనన్, నాలుగేళ్ళ క్రితం రాణి ఇచ్చిన పతకాన్ని తిప్పి పంపుతూ, నైజీరియా యుద్ధంలో బ్రిటను జోక్యాన్నీ, వియత్నాములో అమెరికాకు బ్రిటను మద్దతునూ పేర్కొని, వాటి పక్కనే తన కొత్త పాట అమ్మకాలలో కిందికి జారడాన్ని కూడా ఒక కారణంగా చేర్చాడు. జలియన్‌వాలాబాగ్ తరువాత 1919లో రవీంద్రనాథ ఠాకూర్ బిరుదు వదులుకొంటూ రాసిన లేఖను ఎరిగినవారికి ఈ చేర్పు మింగుడుపడదు. అయితే ఆ చేర్పు లేని లెనన్ లెననే కాడు.

ఇంత తెలిసిన శ్రోతకు సాధారణంగా మూడు మార్గాలు చూపుతారు. పాట వేరు, పాడినవాడు వేరు అనుకొని కళ్ళు మూసుకొని వినడం మొదటిది. మొత్తం పెట్టెను అటకెక్కించడం రెండవది. బియ్యంలో రాళ్ళు ఏరినట్లు చెడ్డ పాటలను ఏరివేసి మిగిలినవాటిని ఉంచుకొనడం మూడవది. ఎక్కువమంది చేసేది ఇదే. మూడింటికీ లక్ష్యం ఒకటి: వినేవాడు తన చేతికి ఏమీ అంటలేదనిపించుకోవడం. మొదటివాడు తనకు తెలియదంటాడు, రెండవవాడు తనకు అక్కరలేదంటాడు, మూడవవాడు తన పళ్ళెంలో రాయి లేదంటాడు. కాని ఆ పాటలవల్ల పదహారవ యేట కలిగిన ఆనందం అప్పటికే అతనిలో చేరిపోయి ఉన్నది. దాన్ని ఏరి బయట పోసే చేట ఎక్కడా లేదు.

ఈ విషయంలో పనికివచ్చే మాట ధర్మశాస్త్రాలలో దొరుకుతుంది, అది ఋణం. పుట్టినవాడు దేవతలకూ, ఋషులకూ, పితరులకూ ఋణపడి పుడతాడని పెద్దలు చెప్పారు. ఇచ్చినవాడు గుణవంతుడైతేనే ఋణమని వారు షరతు పెట్టలేదు. తండ్రి ఊరినిండా అప్పులు చేసి పోయినవాడైనా కొడుకు తద్దినం పెట్టడం మానడు. తద్దినం పెట్టాను గదా అని వాకిట్లో నిలిచిన అప్పులవాడికి ముఖం చాటువేయడు. రెండు బాధ్యతలూ ఒకదానినొకటి కొట్టివేయవు. రెండు వేర్వేరు పుటలలో ఉంటాయి. ఇష్టంతో విన్న శ్రోత ఆ పాటలకు వారసుడు. లివర్‌పూల్ వారు తనకు ఇచ్చినదీ నిజం, వారు ఇతరులకు పడిన బాకీ కూడా నిజం. మొదటిది ఉన్నది కాబట్టే రెండవది అతని దాకా వస్తుంది. ప్రేమించనివానిని ఆ బాకీ ఎవరూ అడగరు. అనిల్ భగవత్ పేరు తెలిసినవాడు ఆ పాట వినిపించేటప్పుడు ఆ పేరు చెప్పడం, దిల్‌రుబా వాయించిందెవరని పిల్లలు అడిగితే వెతికి చెప్పడం, 'రన్ ఫర్ యువర్ లైఫ్' వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న ఆడపిల్ల ముఖం ఒకసారి చూడడం, ఇవి చిన్న పనులే. వీటివల్ల పాట చెడదు. కొంచెం బరువెక్కుతుంది, అంతే.

ఇది ఇచ్చిపుచ్చుకొనే లెక్క కాదని చూపడానికి 1971 ఆగస్టు 1 చాలును. ఆ సంవత్సరం తూర్పు పాకిస్తానునుండి సుమారు కోటిమంది శరణార్థులు భారతదేశంలోకి వచ్చారు. బ్రిటనులో ఆనాడు పాకిస్తానీలని పిలిపించుకొన్నవారిలో అనేకులు ఆ ప్రాంతపు సిల్హెట్ బెంగాలీలే. రవిశంకర్ అడుగగా హారిసన్ కొద్ది వారాలలో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెనులో రెండు కచేరీలు ఏర్పాటు చేశాడు. 1969 జనవరి నాటి ఆ గదిలో ఉన్న నలుగురిలో ఇద్దరు, హారిసన్, రింగో, ఆ వేదికమీద ఉన్నారు. టిక్కెట్లమీద వచ్చిన 2,43,000 డాలర్లు యూనిసెఫ్‌కు చేరాయి. రికార్డు అమ్మకంవల్ల వచ్చిన సొమ్ము పన్నుల తగాదాలో చిక్కి ఏళ్ళ తరబడి నిలిచిపోయింది. ఆకలితో ఉన్నవారికి ఆ ఆలస్యం ఏమైందో లెక్కలు చెప్పవు. ఈ కచేరీ ఆ జనవరి పరిహాసాన్ని తుడిచివేయలేదు. తుడవడానికి చేసినదీ కాదు. అడిగిన స్నేహితునికి కాదనలేక, చూచిన బాధను ఓర్వలేక చేసినది.

ఆ కచేరీ మొదట రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, అల్లా రఖా, కమలా చక్రవర్తి కూర్చున్నారు. నలుగురి పేర్లూ ప్రకటించారు. వారు కాసేపు శ్రుతులు సరిచూచుకొని ఆగగానే, పాట ముగిసిందనుకొని సభ అంతా చప్పట్లు కొట్టింది. శ్రుతి చేసుకొనడమే ఇంత నచ్చితే అసలు వాద్యం ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నామని రవిశంకర్ నవ్వుతూ అన్నారు. ఆ చప్పట్లు, ఆ నవ్వు రెండూ రికార్డులో ఉన్నాయి.

'విదిన్ యూ వితౌట్ యూ' చివర కూడా ఒక నవ్వు ఉన్నది. అయిదు నిమిషాల గంభీరమైన పాట, దిల్‌రుబా ఆఖరి స్వరం ఆగగానే, ఒక గుంపు నవ్వు కొద్ది క్షణాలు వినబడుతుంది. హారిసన్ కోరి పెట్టించినది. దానిని మొదట విన్న భారతీయ శ్రోతలలో కొందరు తమ సంగీతాన్ని చూచి నవ్వుతున్నారని నొచ్చుకొన్నారు. పెద్దతనంలో మళ్ళీ విన్నవారికి అది తన ఉపదేశానికి తానే సిగ్గుపడిన ఇరవైనాలుగేళ్ళ కుర్రవాడి నవ్వులాగా తోచింది. నవ్వు ఆగుతుంది, క్లారినెట్లు మొదలవుతాయి, అరవై నాలుగేళ్ళ వయస్సును గురించిన మెకార్ట్నీ పాట వస్తుంది.